మౌనగిరి దీపం

...గొంతులో కాదు, కోపం ముందుగా ముక్కుపుటాల్లోకి వస్తుంది, అక్కడ ఆపగలిగితే దీపం కదలదు, అన్న కూడా తన ముక్కు పక్కన వేలు పెట్టి అదే చూపించేవాడు, కానీ అన్న చూపించినవన్నీ తనకు అర్థమయ్యాయా, లేక అర్థమైనట్టు తల ఊపిందా, ఆ ఊపడం కూడా కోపంతోనే కదా. మైలమ ఎదుట ప్రమిదలో మంట వణికింది. ఆమె ఇంకా పాట మొదలే పెట్టలేదు.

"మళ్లీ ఊగింది" అంది వెనక తంబుర తుడుస్తున్న హేమలేఖ. "ఏమనుకున్నావు?"

"ఏటీ లేదమ్మా."

"అమ్మా అనకు, ఒసే అను. ఈ విడిదింట్లో ఎవరు వింటారో తెలియదు. రాకుమారివి నువ్వు, దాసిని నేను. పొద్దున్న నీ తల చిక్కు తీసింది కూడా నేనే. చెయ్యి ఇంకా నొప్పి పెడుతోంది."

"నోరు రాదమ్మా."

"లోకం మీద అంత కోపం ఉన్నదానివి, ఒక్క ఒసే అనలేవా?"

మైలమ ఒత్తి సరిచేసింది. నిజమే. వేణుకోట రాజుగారి ఒక్కగానొక్క కూతుర్ని ఒసే అనడానికి ఆమెకు నోరు రాదు. కానీ ఆ రాజుగారి కోట, దాని పక్కనున్న చక్రవర్తి కోట, ఈ కొండ, కొండమీది నాదశాల అన్నీ కాలిపోతే ఒడ్డున నిలబడి చూడాలని ఉంటుంది. మర్యాద ఒకచోట, కోపం ఒకచోట కాపురముంటాయి కాబోలు. ఒకదాని గడపలోకి ఒకటి రాదు.

చక్రవర్తి శాసనం ప్రకారం ప్రతి సామంతుడూ తన ఇంటి బిడ్డను ఒకరిని మౌనగిరి నాదశాలకు పంపాలి. అక్కడ దీపపరీక్షలో నెగ్గితే శిష్యరికం దొరుకుతుంది. హేమలేఖ పాడితే అంతఃపురంలో చిలుకలు మొహం తిప్పుకునేవి. అందుకే మంచులంక నుంచి వచ్చిన ఒక పడవవాళ్ల పిల్ల "మీ పేరుతో నేను ఎళ్తాను" అన్నప్పుడు ఆమె రెండోమాట లేకుండా ఒప్పుకుంది. అంతటితో ఆగక, మోసం బయటపడితే పోయేది ఇద్దరి తలలూ కాబట్టి తన తలకు తానే కాపలా అంటూ దాసి వేషం వేసుకుని, తంబుర కాయలో చిన్న బాకు దాచుకుని వెంట బయల్దేరింది.

శంఖినీ నది సముద్రంలో కలిసే చోట ఉంది మంచులంక. చలికాలం పొద్దుల్లో అక్కడ దిగే మంచుకు పడవవాడికి తన చేతిలో తెడ్డు కనిపించదు. అప్పుడు ఒడ్డున ఒకరు నిలబడి పాడతారు. పాటంటే పెద్ద పాటేమీ కాదు. ఊపిరంతా నదిమీదికి విసిరి పాడే ఒకే ఒక్క చరణం. 'ఇటు ఒడ్డుందోయ్, ఇటు దీపముందోయ్, ఇటు నీవోళ్లున్నారోయ్.' పడవలు ఆ గొంతు పట్టుకుని ఇంటికి వస్తాయి. ఆ పని మైలమ వాళ్ల కుటుంబానిది. తాత తరవాత అన్న నూకన్న పాడేవాడు.

ఒకనాడు నదిమీద పోతున్న శమనాచార్యుడు ఆ గొంతు విన్నాడు. నాదశాల అధిపతి, చక్రవర్తి లేచి నిలబడి నమస్కరించే మనిషి, పడవ ఆపించి మోకాలి లోతు నీళ్లలోకి దిగి నూకన్న తల నిమిరాడు. రాచబిడ్డ కాకపోయినా తీసుకుపోయాడు. మంచులంకలో ఆవేళ పండగ చేశారు.

ఏడాది గడిచాక ఒక మంచు పొద్దున మైలమ పాడబోతుంటే భుజంమీద చెయ్యి పడింది. నూకన్న. మౌనదీక్ష ముగిసింది, ఇంటికి పొమ్మన్నారు వాళ్లు. దారిపొడుగునా అతను ఎవరితోనూ మాట్లాడలేదు. మొదటి గొంతు మంచులోకి విప్పాలని దాచుకున్నాడు. చెల్లెల్ని పక్కకు జరిపి, నవ్వి, నది వైపు తిరిగాడు. అన్న వచ్చాడని అమ్మకు చెప్పడానికి మైలమ ఇంటికి పరుగెత్తింది. పొయ్యిమీద ఎసరు పెట్టి, ఊదుగొట్టంతో మంట రేపుతూ పాట కోసం చెవి ఒగ్గి కూర్చుంది. పాట రాలేదు. నది నడుమ నాన్న పడవ ఉంది. నూకన్న నోరు తెరిచి నిలబడే ఉన్నాడు. చివరికి నల్లరాళ్ల దగ్గర చెక్కలు విరిగిన చప్పుడు వచ్చింది.

ఆ మధ్యాహ్నం శవం ఒడ్డుకు చేరితే అన్న ఏడవలేదు. తోడుకున్న పెరుగులా ఉంది అతని మొహం. గొంతే కాదు, కోపం, దుఃఖం కూడా ఆ కొండమీదే ఒదిలేసి వచ్చాడు. ఊరి జనం ఆ ప్రశాంతత చూసి సిద్ధుడైపోయాడన్నారు. నాన్న పాడె కదలకముందే ఒక ముసలమ్మ వచ్చి నూకన్న కాళ్లకు మొక్కింది.

మైలమ కోపం అక్కడ మొదలైంది. ఆచార్యుడి మీద ఎంత ఉందో అన్న మీద అంత ఉంది. ఎవరిమీద ఎంతో విడదీయబోతే, వలలో ముడి విప్పబోయినట్టు మరింత బిగిసేది.

అయినా పోయిన గొంతును వెతకడానికి మౌనగిరికి పోతానంటే, దీపపరీక్షకు ఆమెను తయారు చేసింది అన్నే. రోజూ సాయంత్రం ప్రమిద వెలిగించి చెల్లెలి మూతి ముందు పెట్టేవాడు. నదిమీదికి ఊపిరి విసరడం అలవాటైన గొంతును వెనక్కి లాగి, మంటకు తగలకుండా పాడించేవాడు. మంట ఊగితే ముక్కు చూపేవాడు, పొట్ట చూపేవాడు, నుదుట మొట్టేవాడు. పాఠం చివర ప్రతిరోజూ ఒకే పని చేసేవాడు. తన మూతి దీపం దాకా తెచ్చి, పెదవులు చుట్టి, అక్కడే ఆగిపోయి, రెండు చెంపలూ వేసుకుని, పువ్వుతో ఒత్తిని నొక్కి దీపాన్ని కొండెక్కించేవాడు. ఊపిరి తగిలితే మహాపాపం, జాగ్రత్త అని ఆమెకు అర్థమయ్యేది.

"వస్తున్నారు" అంది హేమలేఖ చటుక్కున. తంబుర పక్కన పెట్టి మైలమ కాళ్ల దగ్గర కూలబడి పారాణి దిద్దుతున్నట్టు నటించింది. తలుపు తెరుచుకుంది. చెవుల్లో మైనం పోసుకున్న భటుడొకడు లోపలికి తొంగిచూసి, ఉత్తకాళ్లతో నేలను తడిమి, వెళ్లిపోయాడు.

"వినపడదు కదా, అరికాళ్లతో వింటాడు" అని గొణిగింది రాకుమారి. "నిన్నటి నుంచి అనుమానంగానే ఉన్నారు."

నిన్నటి సంగతి తలుచుకుంటే మైలమకు నవ్వు రావలసింది. రాలేదు.

అంతకుముందు మౌనగిరికి రావడమే ఒక గండం. దారిలో రాళ్లనోరు అనే కనుమ ఉంది. అక్కడ మనిషి పలికిన మాటకు మాట చొప్పున పైనుంచి రాయి రాలుతుంది. బోయీలు ముందే చెప్పారు. అయినా హేమలేఖ తుమ్మింది. గుమ్మడికాయంత బండ వచ్చి పల్లకీ పైకప్పును చీల్చింది. బోయీలు పల్లకీ ఒదిలేసి పారిపోయారు. ఆ అలికిడికి కనుమ దొంగలు కత్తులు దూసి వెంటపడ్డారు. రాకుమారి తంబుర భుజాన వేసుకుని పరుగెత్తింది. మైలమ కొంతదూరం పరుగెత్తి, ఎందుకు పరుగెత్తాలన్న కోపంతో ఆగి, వెనక్కి తిరిగి, మంచులంక ఒడ్డున నిలబడ్డట్టు నిలబడి పడవపాట ఎత్తుకుంది. 'ఇటు ఒడ్డుందోయ్.' సగం కొండ కదిలింది. దుమ్ము సర్దుకునేసరికి దొంగలూ లేరు, వెనక దారీ లేదు. హేమలేఖ ఒక బండ చాటునుంచి తల ఎత్తి, మాట పలికితే ఏమవుతుందో గుర్తొచ్చి, చేతులెత్తి దండం మాత్రం పెట్టింది.

కనుమ దాటగానే నాదశాల కనిపించింది. కొండ కొప్పున తెల్లని చలువరాతి శిఖరాలు వీణ కాయల్లా గుండ్రంగా, ఒకదాని భుజంమీద ఒకటి వాలి ఉన్నాయి. ఏడు ద్వారాలకు ఏడు రంగుల రాళ్లు పొదిగారు. ఉదయం ఎర్రగా, మధ్యాహ్నం తేనెరంగుగా, సాయంత్రం నెమలిమెడలా మారతాయి ఆ గోడలు. కొలనుల్లో హంసలున్నాయి, అవి అరవవు. తోటల్లో కోయిలలున్నాయి, అవి కూయవు. పట్టుబట్టలు కట్టిన శిష్యులు వందలమంది చిరునవ్వులతో అటూ ఇటూ నడుస్తుంటారు, ఒక్కరూ మాట్లాడరు. అందరూ మౌనదీక్షలో ఉన్నారు. అందరి మొహాలూ తోడుకున్న పెరుగే. పాట నేర్పే చోట ఇంత నిశ్శబ్దం ఏమిటని మైలమ ఏడో ద్వారం దగ్గరే కాళ్లు తన్నిపెట్టి నిలబడితే, హేమలేఖ వీపున చెయ్యి వేసి లోపలికి నెట్టింది.

గొంతులు ఎక్కడో దాచి ఉంటారని రాకుమారి లెక్క. నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఇద్దరూ నేలమాళిగలోకి దిగారు. నిలువెత్తు జాడీలు వరసగా ఉన్నాయి, మూతులకు పట్టుగుడ్డలు కట్టి ఉన్నాయి. మైలమ ఒక జాడీకి చెవి ఆనించింది. హేమలేఖ ఒక గుడ్డ విప్పి, వేలు ముంచి, నాలుకకు రాసుకుని మొహం వికారంగా పెట్టింది.

"ఆముదం" అంది. "చిన్నప్పుడు జన్మకు సరిపడా తాగించారు నాకు. పొరపడే ప్రశ్నే లేదు."

"అన్ని జాడీలూనా?"

"నువ్వు కూడా రుచి చూడు, నామీద నమ్మకం లేకపోతే."

అప్పుడే పైన మెట్లమీద ఉత్తకాళ్లు ఆగాయి. నేల అదిరితే భటులకు తెలిసిపోతుంది. ఇద్దరూ జాడీల మీదికెక్కి మూతి నుంచి మూతికి దాటుకుంటూ పోయారు. చివరి జాడీ మీద రాకుమారి కాలు జారి మోకాలి దాకా ఆముదంలో దిగబడింది. మైలమ ఆమెను జబ్బ పట్టి లాగి, గోడకున్న తూములోకి తోసి, తానూ దూకింది. చీకటి, జారుడు, మొహానికి తగిలి పోయిన నీరుకట్టె పాము, తరవాత ఒక్కసారిగా ఎండ. ఇద్దరూ తామరకొలనులో తేలారు. హంస ఒకటి వాళ్లను చూసి నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

ఆ హంస నోరు చూసినప్పుడు మైలమకు అన్న నోరు గుర్తొచ్చింది. అందుకే నవ్వు రాలేదు.

శంఖం ఊదలేదు, గంట కొట్టలేదు. విడిదింటి బయట భటుడు తెల్లని జెండా ఊపాడు. పరీక్ష మొదలైంది.

దీపమండపానికి కిటికీలు లేవు. గాలి చొరబడకుండా వాకిలికి పొరలు పొరలుగా పట్టుతెరలు వేలాడదీశారు. నేలమీద గొర్రెతోళ్లు పరిచారు. గోడలు నల్లరాతివి, అద్దంలా నునుపు చేసినవి, ఎటు తిరిగినా మన మొహమే మనల్ని చూస్తుంది. నడిమధ్యన కన్నెపిల్ల ఆకారంలో చెక్కిన రాతి దీపస్తంభం. ఆ కన్నె పెదవులు బిగించి ఉన్నాయి. అరచేతుల్లో ప్రమిద, ప్రమిదలో ఒకే ఒత్తి. మంట మాత్రం మామూలు ఆముదపు దీపానిది కాదు. తెల్లగా, పొగ లేకుండా, కత్తి మొన నిలబెట్టినట్టుంది. చక్రవర్తి కొలువు నుంచి వచ్చిన పెద్దలు గోడవార కూర్చున్నారు.

శమనాచార్యుడు దీపం వెనక ఉన్నాడు. సన్నని మనిషి, తెల్లని గడ్డం, చంటిబిడ్డకున్నట్టు నున్నని నుదురు.

"బిడ్డలారా" అన్నాడు. అది ముసలివాడి గొంతు. "సంగీతం శాంతం నుంచి పుడుతుంది. కోపమున్న ఊపిరి కరుకుగా ఉంటుంది, అది దీపానికి తెలుస్తుంది. మంట కదిలిందా, వెళ్లి వేరే పని చూసుకోండి. చేతులు పట్టుదారంతో కడతారు, నొచ్చుకోవద్దు. తాళం వెయ్యాలన్న ఆశ కూడా మనసును కదిలిస్తుంది." చివరి మాటలు ఎవరో స్త్రీ గొంతులో వినిపించాయి. గోడవార పెద్దలు చేతులు జోడించారు. బహుకంఠ సిద్ధి అని ఒకాయన పక్కవాడికి గర్వంగా చెప్పాడు.

మొదట గోమేధపురం యువరాజు వజ్రబాహుడు కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, కంచులాంటి కంఠం. మూతికి జానెడు దూరంలో దీపం. అతను రాగం ఎత్తుకుంటే రాతిగోడలు కూడా వెచ్చబడ్డట్టనిపించింది. మంట కదల్లేదు. కదలకపోగా, పొదుగు వెతుక్కునే దూడలా మెల్లగా అతని నోటివైపు మెడ చాచింది. పాట పైకి పోయిన కొద్దీ మంట పైకి పెరిగింది. పాట ముగిసేసరికి వజ్రబాహుడు హాయిగా నవ్వుతున్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచి, మూసుకుని, మళ్లీ నవ్వాడు.

"మౌనదీక్ష ఆరంభమైంది" అన్నాడు శమనాచార్యుడు. కంచు మోగినట్టు మోగింది ఆ మాట. వజ్రబాహుడి కంఠం.

పెద్దలు మళ్లీ చేతులు జోడించారు.

మైలమకు ముందు అర్థమైంది, తరవాత కోపం వచ్చింది, కోపం వచ్చాక అర్థమైనది మరింత అర్థమైంది. జాడీలు కాదు. ఆ దీపమే. గొంతులన్నీ అందులో పడి కాలుతున్నాయి, వీడు వాటి వెలుగులో బతుకుతున్నాడు. ఎవరి కళ్లకూ కనిపించకుండా దాచలేదు. అందరూ చూసేచోట పెట్టి మొక్కించుకుంటున్నాడు.

"వేణుకోట రాకుమారీ" అని పిలిచాడు ఆచార్యుడు. "రా తల్లీ, కూర్చో."

నూకన్న గొంతు.

చివర కొద్దిగా బొంగురు ఉంటుంది అన్న గొంతులో, నదిమంచు పట్టిన బొంగురు. ఆ బొంగురుతో సహా. మైలమ కాళ్లకింద గొర్రెతోలు నీళ్లలా కదిలింది.

"నీ మొహం పాలిపోయింది" అని చెవిలో గొణిగింది హేమలేఖ. "వెళ్లిపోదాం పద. కళ్లు తిరిగాయని చెబుతాను."

"అది మాయన్న గొంతమ్మా."

 తంబుర కాయమీద రాకుమారి వేళ్లు బిగిశాయి. "అయితే పాడు" అంది. "మంటను చూస్తూ అందరూ కూర్చుంటారు. మిగతాది నేను చూసుకుంటాను."

మైలమ కూర్చుంది. భటుడు చేతులు వెనక్కి విరిచి దారం కట్టాడు. తంబుర మోగింది. భూపాల రాగంలో మొదటి స్వరం కోసం నోరు తెరుస్తుంటే కోపం పొట్టలోంచి బయల్దేరి, రొమ్ము దాటి, ముక్కుపుటాల దగ్గరికి వచ్చింది. ఆమె దాన్ని అక్కడ ఆపింది. అన్న వేలు పెట్టి చూపించిన చోట. స్వరం బయటికి వచ్చింది, ఊపిరి రాలేదు. మంట కదల్లేదు.

ఆచార్యుడు కళ్లు సగం మూశాడు.

ఆలాపన సాగుతుండగా తంబుర ఆగింది. హేమలేఖ బాకు లాగి దీపస్తంభం మీదుగా దూకింది. భటులు కదిలేలోపు ఆమె ఆచార్యుడి గొంతుకు బెత్తెడు దూరంలో ఉంది.

"ఆగు" అన్నాడు శమనాచార్యుడు.

ఒక్క నోటినుంచి వందల గొంతులు వచ్చాయి. రాకుమారి గాలిలోనే బిగుసుకుపోయి, కర్రబొమ్మలా నేలమీద పడింది. బాకు జారి ఎవరో పెద్దమనిషి కాళ్ల దగ్గరికి పోయింది. ఆయన కాళ్లు మీదికి ముడుచుకున్నాడు. కళ్లు మాత్రం కదులుతున్నాయి హేమలేఖకు. అవి తిడుతున్నాయి.

"దాసికి యజమానురాలి మీద ప్రేమ ఎక్కువైంది" అన్నాడు ఆచార్యుడు పెద్దల వైపు తిరిగి. తరవాత నూకన్న గొంతుతో మెత్తగా, "నువ్వు ఆపకమ్మా. బాగా పాడుతున్నావు."

ఆపుదామనుకుంది మైలమ. ఆపలేకపోయింది. పాట ఆమె పాడుతున్నది కాదు ఇప్పుడు, దీపం తాగుతున్నది. మంట మెడ చాచి పెదవుల దాకా వచ్చింది. వేడి లేదు దానికి. పైగా హాయిగా ఉంది. జ్వరంలో నుదుటిమీద వేసిన తడిగుడ్డలా ఉంది. లోపలనుంచి ఏదో సడలింది. ముందుగా, అన్న కాళ్లకు మొక్కిన ముసలమ్మ మీది కోపం పోయింది. పాపం, ఆమెకేం తెలుసు అనిపించింది. తరవాత నల్లరాళ్లు పోయాయి. రాళ్లు ఉండవలసిన చోటే ఉంటాయి కదా. విరిగిన చెక్కల చప్పుడు పోయింది. నాన్న ఒడ్డున పడుకున్న తీరు నిద్రపోతున్నట్టే ఉంది, ఎందుకు అంత ఏడ్చింది తను. ఒక్కొక్కటీ పోతున్నకొద్దీ మంట పెరిగింది. ఇన్నాళ్లు మోసిన బరువు దించమని ఎవరూ తనకు చెప్పలేదేం. అన్నకు ఇలాగే అనిపించి ఉంటుంది. అన్నమీద కోపం కూడా పోయింది.

నల్లరాతి గోడలో ఒక మొహం నవ్వుతూ కనిపించింది. తోడుకున్న పెరుగు.

అది తన మొహమేనని తెలుసుకోవడానికి కొంత సేపు పట్టింది. రాగం దిగుతూ దిగుతూ మంద్రంలో ఊకారం మీద నిలబడింది. గోడలోని మొహం పెదవులు గుండ్రంగా చుట్టుకుని ఉంది, మంట ముందు, మంటకు అంగుళం దూరంలో. ఆ మొహాన్ని ఆమె రోజూ చూసింది. కానీ అప్పుడది తన మొహం కాదు. సాయంత్రం, పాఠం చివర, ప్రమిద ముందు వంగిన అన్న మొహం.

అన్న అప్పుడు పాట చూపించలేదు. పాటకు పెదవులు అలా బిగవవు.

ఊపిరి తగలనివ్వకు అని చెప్పడానికైతే మూతి మంట దాకా తేవడం ఎందుకు. పెదవులు చుట్టడం ఎందుకు. రోజూ చెంపలు వేసుకోవడం ఎందుకు. చెయ్యని పాపానికి ఎవరూ చెంపలు వేసుకోరు. చెయ్యమని చెబుతున్నాడు కాబట్టి, చెల్లెలిచేత చేయించబోతున్నాడు కాబట్టి, ముందుగానే క్షమాపణ వేడుకున్నాడు. కోపం లేదు అతనిలో, గొంతు లేదు, దుఃఖం లేదు. అయినా ప్రతి సాయంత్రం ఆ మంట దాకా వంగాడు.

ఇన్నేళ్లుగా ఇన్ని నోళ్లు ఈ దీపానికి జానెడు దూరంలో తెరుచుకున్నాయి. రాజులు, రాజుల బిడ్డలు, మహావిద్వాంసులు. ఎవరికీ తోచలేదు. ఎలా తోస్తుంది. ఊపిరి తగలకుండా పాడడం నేర్చుకునే అందరూ ఇక్కడికి వస్తారు. పైగా దీపాన్ని నోటితో ఊదడం ఎవరి ఊహలోకీ రాదు. పువ్వుతో నొక్కుతారు, పాలచుక్క వేస్తారు, ఆరిందనే మాట కూడా అనరు. చిన్నప్పుడు ఒకసారి ఆటకు దీపం ముందు మూతి చుట్టినందుకు నాయనమ్మ మైలమ మూతిమీద గరిటెతో కొట్టింది. దీపమూదిన నోరు ఇల్లూదిన నోరు అంది. ఆ దెబ్బ ఇప్పటికీ పెదవి లోపల ఉన్నట్టే ఉంది. శమనాచార్యుడు తన ప్రాణానికి కోట కట్టలేదు. ఊళ్లలో ఉన్న నాయనమ్మలందరినీ కాపలా పెట్టుకున్నాడు.

"చాలు తల్లీ, ఇంక కొంచెమే" అన్నాడు ఆచార్యుడు, అన్న గొంతుతో.

కోపం కోసం వెతుక్కుంది మైలమ. ఇన్నాళ్లు ఒక్క క్షణం కూడా ఒదలని కోపం, కావలసినప్పుడు లేదు. నల్లరాళ్ల దగ్గర వెతికింది, లేదు. పాడె దగ్గర లేదు. శమనాచార్యుడి మొహం చూసింది. అది ఎవరో ముసలాయన మొహం. అన్న గొంతులోని బొంగురు విన్నది. నదిమంచు పట్టిన బొంగురు అది. ఏళ్ల తరబడి చలిలో నిలబడి, పడవలను ఇంటికి పిలిచి పిలిచి తెచ్చుకున్న బొంగురు. దాన్ని వీడు చలిలో నిలబడకుండా తెచ్చుకున్నాడు.

అక్కడుంది. ఆవగింజంత.

ముక్కుపుటాల్లోకి వచ్చింది. ఆమె దాన్ని ఆపలేదు.

మంట వణికింది. కొలువు పెద్దలు ముందుకు వంగారు. శమనాచార్యుడి కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. నున్నని నుదుటిమీద మొదటిసారి ఒక ముడత పడింది. నోరు తెరిచాడు. ఏ గొంతుతో మాట్లాడాలో వెతుక్కుంటున్నట్టు ఒక గొంతు వచ్చి ఆగింది, ఇంకొకటి వచ్చి ఆగింది. భటులు అరికాళ్లతో ఆ వణుకు విని కత్తులు దూశారు. నేలమీద కర్రలా పడి ఉన్న హేమలేఖ మైలమ పెదవుల్ని చూసింది. ఆ రాకుమారి కళ్లలో అంతవరకు లేని భయం కనిపించింది. కత్తులకు కాదు ఆ భయం. ఆమెకూ ఒక నాయనమ్మ ఉండేది.

చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి గనుక చెంపలు వేసుకోవడానికి కుదరలేదు. అన్న తనకోసం ముందే వేసుకున్నాడు, అవి చాలు అనుకుంది మైలమ. పొయ్యి దగ్గర కూర్చున్నట్టు కొద్దిగా ముందుకు వంగి, పెదవులు చుట్టి, ఒక్కసారి ఊదింది.